సెయింట్ పీటర్స్‌బర్గ్ లేని బాల్టిక్ క్రూజ్ దండగేనా? పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళ కోసం కాస్త వివరంగా

మీరడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. వచ్చే జూన్‌లో హైదరాబాద్ నుంచి మీరూ, మీ ఆవిడా, ఇద్దరు పిల్లలూ, డెబ్బై దాటిన అమ్మానాన్నా బయల్దేరతారు, న్యూజెర్సీ నుంచి మీ తమ్ముడు వచ్చి కలుస్తాడు, అందరూ కలిసి బాల్టిక్ క్రూజ్, అంటే ఉత్తర యూరప్‌లోని బాల్టిక్ సముద్రం మీద ఊరూరా ఆగే షిప్ యాత్ర, చెయ్యాలని ప్లాను. మీ ఆవిడకి రష్యా దరిదాపులకి వెళ్ళడమే భయం. నాన్నగారేమో లెనిన్‌గ్రాడ్ (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి సోవియట్ కాలపు పేరు) చూడనప్పుడు అంత దూరం ఎందుకురా అంటున్నారు. మధ్యలో మీరు ఇరుక్కున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తా. వెళ్ళండి. రష్యా నేల మీద కాలు పెట్టకుండానే బాల్టిక్ బ్రహ్మాండంగా చూడొచ్చు. అసలు ఇప్పుడు మీరు వెళ్దామన్నా మనం బుక్ చేసుకునే పెద్ద క్రూజ్ కంపెనీలేవీ అక్కడికి తీసుకెళ్ళవు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్దిరోజులకే వరసపెట్టి అందరూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌ని తీసేశారు, మళ్ళీ పెట్టలేదు. నా సలహా అయితే కోపెన్‌హాగన్‌లోనో స్టాక్‌హోమ్‌లోనో ఎక్కి అక్కడే దిగే, ఆగే పోర్టులన్నీ షెంగెన్‌లోనే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఉండే, స్టాక్‌హోమ్‌లో ఒక రాత్రి నిలబడే 7 నుంచి 10 రాత్రుల షిప్ చూసుకోండి. మిగతాదంతా ఇది ఎందుకన్నదే, ఓపిక ఉంటే చదవండి.

నేను హైదరాబాద్‌లో యూరప్ క్రూజ్‌లు బుక్ చేసే పనిలో ఉన్నా, అప్పుడప్పుడు గ్రూపులతో నేనూ వెళ్తుంటా. 2022కి ముందు బాల్టిక్ క్రూజ్ అంటే సెయింట్ పీటర్స్‌బర్గే. షిప్ అక్కడ రెండు మూడు రోజులు ఆగేది, షిప్‌లో వచ్చి టూర్ తీసుకున్నవాళ్ళకి 72 గంటల దాకా వీసా అక్కర్లేదు, కాబట్టి జనం హెర్మిటేజ్ మ్యూజియం, పీటర్‌హోఫ్ ప్యాలెస్ చూసుకుని మిగతా ఊళ్ళని దారిలో తగిలినట్టు చూసేవాళ్ళు. ఇప్పుడు ఆ రెండు మూడు రోజులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీని కంపెనీ దేంతో నింపిందన్నదే మీరు చూడాల్సింది. కొందరు స్టాక్‌హోమ్‌లో రాత్రి ఆపి, రీగా, గ్డీనియా, క్లైపెడా, విస్బీ లాంటివి కలిపారు, అది మనకి లాభం. కొందరు ఇంకో సముద్రం రోజు తగిలించి ఊరుకున్నారు. బ్రోషర్ మీద రెంటి పేరూ ఒకటే, ధర కూడా దగ్గర దగ్గరే, లోపల మాత్రం చాలా తేడా.

అందుకని నేను ఎవరికైనా ముందు చెప్పే మాట, పోర్టులు ఎన్ని అని లెక్కపెట్టకండి, పోర్టులో ఎన్ని గంటలు, ఊరికి ఎంత దూరంలో కడతారు అన్నది చూడండి. ఏడు రోజుల్లో ఏడు ఊళ్ళంటే అది పుష్కరాల బస్సు, దిగడం ఎక్కడమే సరిపోతుంది, అందులోనూ పెద్దవాళ్ళతో.

ఉదాహరణకి స్టాక్‌హోమ్‌నే తీసుకోండి. ఐటినరీలో స్టాక్‌హోమ్ అనే ఉంటుంది, కానీ బాగా పెద్ద షిప్పులు చాలావరకు ఊళ్ళోకి రాకుండా నీనస్‌హామ్న్ అనే చోట ఆగుతాయి, అది ఓ అరవై కిలోమీటర్లు దక్షిణాన. అక్కడినుంచి లోకల్ ట్రైన్‌లో గంట. పోనూ రానూ రెండు గంటలు, స్టేషన్‌కి నడక, అమ్మగారి మోకాళ్ళు, ఇవన్నీ కలుపుకుంటే చేతిలో మిగిలేది ఒక మ్యూజియం, ఒక కాఫీ. అదే మీడియం సైజు షిప్ అయితే స్టాడ్స్‌గోర్డెన్ అని ఊరి నడిబొడ్డునే కడతారు, దిగితే ఎదురుగా పాత ఊరు కనిపిస్తుంది. పైగా ఆ షిప్ స్టాక్‌హోమ్‌లోకి రావాలంటే వేల దీవుల మధ్యలోంచి గంటలకొద్దీ మెల్లగా రావాలి. రెండు పక్కలా చిన్న చిన్న బండరాతి దీవులు, వాటి మీద ఎర్ర రంగు చెక్క ఇళ్ళు, ఇంటి ముందు జెండా కర్ర, కింద ఒక పడవ, కొన్నిచోట్ల గట్టు మీద నిలబడి కాఫీ తాగుతున్న మనిషి మొహం కూడా కనిపిస్తుంది. మా గ్రూపుల్లో పెద్దవాళ్ళు బాల్టిక్ గురించి తర్వాత ఎక్కువ చెప్పుకునేది దీని గురించే. దీనికోసం బాల్కనీ రూముకి డబ్బు పెట్టక్కర్లేదు, పొద్దున్నే లేచి షాల్ కప్పుకుని పై డెక్ మీదికి వెళ్తే రెండు పక్కలా కనిపిస్తుంది, బాల్కనీలోంచి ఒక పక్కే.

ఇంకో మాట, జూన్ మూడో వారంలో అక్కడ రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది, హెల్సింకీలో సూర్యుడు పదకొండు కావస్తుండగా గుంకుతాడు. పిల్లలు నిద్రపోరు. కిటికీ లేని ఇన్‌సైడ్ రూమ్ చవకా, చీకటీ, పిల్లలున్న ఇంటికి నేను మొహమాటం లేకుండా అదే చెప్తా.

మిగతా పోర్టులు త్వరగా చెప్తా. ఎస్తోనియాలోని టాలిన్‌లో షిప్ దిగితే పదిహేను ఇరవై నిమిషాల నడకలో కోట గోడ, కానీ లోపలంతా గుండ్రాళ్ళు పరిచిన దారులు, పైగా ఎత్తు. పెద్దవాళ్ళుంటే కింద నుంచి ఎక్కించకండి. పోర్టులో బోల్ట్ ట్యాక్సీ పట్టుకుని (అది ఆ ఊళ్ళో పుట్టిన కంపెనీయే) తిన్నగా పైన తూంపెయా కొండ మీద దిగండి, పైనున్నవి చూసుకుని నెమ్మదిగా కిందికి నడుచుకుంటూ టౌన్ హాల్ స్క్వేర్‌కి రండి. ఆ స్క్వేర్‌లోనే 1422 నాటికే ఉన్నట్టు రికార్డులున్న మందుల షాపు ఇప్పటికీ నడుస్తోంది. హెల్సింకీలో మార్కెట్ స్క్వేర్ నుంచి సిటీ ఫెర్రీ ఎక్కితే పావుగంట చిల్లరలో సువోమెన్‌లిన్నా కోట దీవి, బస్సు టికెట్టే దానికీ పనికొస్తుంది, షిప్‌లో అమ్మే టూర్ అక్కర్లేదు. పోలండ్‌లోని గ్డీనియా అంటే పేరు తెలియక జనం దిగరు, అక్కడినుంచి లోకల్ ట్రైన్‌లో ముప్పావు గంట లోపే గ్డాన్స్క్. రెండో ప్రపంచ యుద్ధం 1939 సెప్టెంబర్ 1న మొదలైంది ఆ ఊరి దగ్గరే, 1980లో సాలిడారిటీ యూనియన్ పుట్టిందీ అక్కడి షిప్‌యార్డులోనే, హిస్టరీ ఇష్టమున్నవాళ్ళకి ఒక్కరోజు చాలదు. వార్నెముండే అని ఉంటే పక్కన బెర్లిన్ అని రాసుంటుంది, నమ్మకండి, బస్సులో ఒకవైపే ఇంచుమించు మూడు గంటలు. పెద్దవాళ్ళతో ఆ పని పెట్టుకోవద్దు, పక్కనే ఉన్న రోస్టాక్ చూసి వచ్చేయండి. కోపెన్‌హాగన్‌లో మత్స్యకన్య బొమ్మ కోసం పరిగెత్తకండి, మనిషంత ఎత్తు కూడా ఉండదు, చుట్టూ సెల్ఫీ స్టిక్కులు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఆ తరం వాళ్ళ నిరాశ నాకు తెలుసండి, విశాలాంధ్ర పుస్తకాల షాపులో తక్కువ ధరకి దొరికిన సోవియట్ పుస్తకాలు తెలుగులో చదువుకుని పెరిగిన మనుషులు, వాళ్ళకి లెనిన్‌గ్రాడ్ అంటే టూరిస్ట్ స్పాట్ కాదు. ఆ ఊరు నేను చూపించలేను గానీ, ఆ ఊరిని కట్టిన చేతుల పని ఇటుపక్క చాలానే ఉంది. అక్కడి వింటర్ ప్యాలెస్ (హెర్మిటేజ్ ఉన్నది అందులోనే) కట్టిన ఆర్కిటెక్ట్ రాస్ట్రెల్లియే లాట్వియాలో రుండాలె ప్యాలెస్ కూడా కట్టాడు, 1736లో మొదలుపెట్టాడు, వింటర్ ప్యాలెస్ కంటే ముందే. రీగా నుంచి కారులో గంట పైచిలుకు. అలాంటి బంగారు పూత హాలే, బయట గులాబీ తోట, హెర్మిటేజ్‌లో ఉండే తోపులాట మాత్రం ఉండదు. షిప్ రీగాలో ఎనిమిది గంటలు ఆగుతుంటే ఒక వ్యాన్ మాట్లాడుకుని వెళ్ళి రావొచ్చు, ఆరు గంటలే ఆగుతుంటే వద్దు.

టాలిన్‌లో కాద్రియోర్గ్ ప్యాలెస్ ఉంది, పీటర్ చక్రవర్తి తన భార్య కేథరిన్ కోసం 1718లో మొదలుపెట్టించింది, ఊళ్ళోంచి ట్రామ్‌లో వెళ్ళొచ్చు, ముందర పూలతోట, నడవలేనివాళ్ళు బెంచీ మీద కూర్చున్నా రోజు దండగ కాదు. తూంపెయా మీద ఉల్లిపాయ గుమ్మటాల అలెగ్జాండర్ నెవ్‌స్కీ చర్చి అచ్చం రష్యా చర్చే, 1900లో పూర్తయింది. హెల్సింకీ సెనేట్ స్క్వేర్‌లో నిలబడితే నడిమధ్య రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ విగ్రహం ఇప్పటికీ ఉంది, 1809 నుంచి 1917 దాకా ఫిన్లాండ్ వాళ్ళ చేతికిందే కదా. నాన్నగారికి ఈ నాలుగూ ముందే చెప్పి, ఫొటోలు చూపించి తీసుకెళ్ళండి. చెప్పకుండా తీసుకెళ్తే ఇదేదో చర్చి అనుకుని బయట నిలబడతారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. టాలిన్ నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి బస్సులో వేయిస్తామని ఎవరైనా ఏజెంట్ అంటే ఒప్పుకోవద్దు. మన పాస్‌పోర్టుకి 2023 ఆగస్టు నుంచి రష్యా ఈ-వీసా ఇస్తున్నారు కాబట్టి అది అమ్మేవాళ్ళున్నారు. కానీ ఎస్తోనియా, రష్యాల మధ్య నార్వా బోర్డర్‌లో 2024 ఫిబ్రవరి నుంచి బండ్లు వెళ్ళట్లేదు, బస్సు దిగి సామాన్లు లాక్కుంటూ వంతెన మీద నడిచి దాటాలి, లైన్లు గంటలకొద్దీ. మన బ్యాంకుల వీసా కార్డులు, మాస్టర్‌కార్డులు అటుపక్క 2022 మార్చి నుంచి పనిచెయ్యవు, నగదు మోసుకెళ్ళాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, మీ షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీది (ఒక్కసారే లోపలికి రానిచ్చేది) అయితే ఆ వంతెన దాటిన క్షణానే అది అయిపోయింది, తిరిగి టాలిన్‌కి రాలేరు. విజయవాడ నుంచి ఒక కుటుంబం క్రూజ్ అయ్యాక ఇలా వెళ్దామని టికెట్ల దాకా వచ్చింది, వీసా కాగితం తెప్పించి ఆ ఎంట్రీల గడి చూపించాక మానుకున్నారు. సరదాకి వెళ్ళే యాత్రలో ట్రావెల్ ఇన్సూరెన్స్ వర్తించని చోటికి డెబ్బై ఏళ్ళ మనిషిని తీసుకెళ్ళడం నాకైతే నచ్చదు, చాలా పాలసీల్లో యుద్ధం సంబంధమైనవి కవర్ కావు, మీ పాలసీలో ఆ లైన్ వెతికి చదవండి.

మీ ఆవిడ భయం గురించి. భయం ఊరికే పుట్టింది కాదు, అక్కడ టెన్షన్ నిజంగానే ఉంది. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్, ఎస్తోనియా మధ్య సముద్రం అడుగున కరెంటు కేబుల్ తెగింది, ఫిన్లాండ్ వాళ్ళు ఒక ఆయిల్ ట్యాంకర్‌ని పట్టుకుని లోపలికి తెచ్చారు. జీపీఎస్ సిగ్నల్ చెడగొట్టడం ఎక్కువై 2024లో ఎస్తోనియాలోని టార్టుకి ఫిన్నైర్ ఓ నెలరోజులు విమానాలు ఆపుకుంది. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో, స్వీడన్ 2024 మార్చిలో నాటోలో చేరాయి, ఊరికే చేరలేదు కదా. కానీ వీటిలో ఏదీ ప్యాసింజర్ షిప్ మీదికి వచ్చింది కాదు. హెల్సింకీ టాలిన్ మధ్య ఎనభై కిలోమీటర్లు, రోజూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఫెర్రీలు తిరుగుతూనే ఉన్నాయి, ఆఫీసు పనికి వెళ్ళి వచ్చేవాళ్ళే బోలెడుమంది. షిప్‌కి జీపీఎస్ ఒక్కటే ఆధారం కాదు, రాడార్ ఉంది, దీవుల మధ్యకి వస్తే షిప్‌కి దారి చూపే ఆ ఊరి పైలట్ ఎక్కుతాడు. మీకు తెలిసొచ్చేది మహా అయితే ఫోన్‌లో మ్యాప్ చుక్క ఎక్కడో చూపించడం.

నన్నడిగితే అసలు ఇబ్బంది సముద్రంలో కాదు, ఎయిర్‌పోర్టులో. 2025 సెప్టెంబర్ 22 రాత్రి డ్రోన్లు కనిపించాయని కోపెన్‌హాగన్ ఎయిర్‌పోర్టు కొన్ని గంటలు మూసేశారు, అదే నెలలో పోలండ్‌లోకి డ్రోన్లు వచ్చి అక్కడా కొన్ని ఎయిర్‌పోర్టులు ఆగాయి. షిప్ మీకోసం ఆగదు. అందుకే షిప్ బయల్దేరే ఊరికి రెండు రోజుల ముందే చేరండి, ఒక్కరోజు కాదు. పెద్దవాళ్ళకి జెట్‌లాగ్ కూడా తీరుతుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి డైరెక్ట్ ఉంది, అటు మీదుగా వెళ్ళొచ్చు, లేదా గల్ఫ్ మీదుగా. యూరప్ ఎయిర్‌లైన్స్‌కి రష్యా ఆకాశం 2022 నుంచీ మూసే ఉంది కాబట్టి వాటిలో వెళ్తే మీ ఆవిడకి ఆ బెంగ కూడా ఉండదు. లిథువేనియాలోని క్లైపెడా వస్తే మాత్రం ఒక చిన్న మాట. అక్కడి ఇసుక మేట 98 కిలోమీటర్లు, అందులో 52 మాత్రమే లిథువేనియాది, మిగతాది రష్యా కలినిన్‌గ్రాడ్‌ది. నీడా దగ్గర ఇసుక దిబ్బ ఎక్కితే దూరంగా అటుపక్క కనిపిస్తుంది. ఇటుపక్క నుంచి చూసి దిగండి, పిల్లల్ని బోర్డులు దాటనివ్వకండి.

వీసా. ఇది శ్రద్ధగా చదవండి. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా, పోలండ్, జర్మనీ అన్నీ షెంగెన్. షిప్ మొదటినుంచి చివరిదాకా ఈ పోర్టులే తిరిగితే మధ్యలో సముద్రం మీదికి వెళ్ళినంత మాత్రాన బయటికి వెళ్ళినట్టు కాదు, మామూలుగా పోర్టు పోర్టుకీ ఇమిగ్రేషన్ ఉండదు. అయినా అప్లికేషన్‌లో మల్టిపుల్ ఎంట్రీయే అడగండి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో అయితే ఆ దేశానికి అప్లై చెయ్యాలి, సమానమైతే ముందు దిగే దేశానికి. కోపెన్‌హాగన్‌లో ముందు రెండు రోజులు ఉంటారు కాబట్టి సాధారణంగా డెన్మార్క్ అవుతుంది, కానీ స్టాక్‌హోమ్ రాత్రి కూడా కలిపి కాగితం మీద లెక్కేసుకోండి. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 12 లోపు పిల్లలకి 45, అంతకంటే చిన్నవాళ్ళకి లేదు. ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలది కావాలి. ఆరు నెలల ముందునుంచి తీసుకుంటారు, జూన్ ప్రయాణమైతే జనవరి ఫిబ్రవరిలోనే స్లాట్ పట్టండి, మార్చి దాటితే వేసవి సెలవుల వాళ్ళందరూ వచ్చి పడతారు.

సౌతాంప్టన్‌లో ఎక్కే బాల్టిక్ క్రూజ్ చవగ్గా కనిపిస్తుంది, మనకి కాదు. బ్రిటన్ వీసా వేరే కావాలి, ఆరుగురికీ ఆ ఫీజు కలిపితే మిగిలిందంతా పోతుంది, పైగా నార్త్ సీ దాటడానికి పోతూ వస్తూ రోజులు సముద్రంలోనే. నార్త్ సీ కుదుపు కూడా బాల్టిక్ లాంటిది కాదు. బాల్టిక్ సగటు లోతు 55 మీటర్లే, చుట్టూ నేల, వేసవిలో చాలా రోజులు చెరువులా ఉంటుంది, వాంతుల భయం ఉన్నవాళ్ళకి నేను చెప్పే మొదటి సముద్రం ఇదే. కీల్ నుంచో వార్నెముండే నుంచో బయల్దేరేవాటిలో జర్మన్ల కోసమే నడిపేవి ఉంటాయి, అనౌన్స్‌మెంట్లు, షోలు అన్నీ జర్మన్‌లో, బుక్ చేసేముందు అడగండి.

తిండి సంగతి అమ్మగారు అడుగుతారు. షిప్ సిబ్బందిలో గోవా, కేరళ, ముంబై వాళ్ళు చాలామంది ఉంటారు. మొదటి రాత్రే డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌తో మాకు రేపటినుంచి అన్నం, పప్పు, ఒక కూర కావాలని చెప్తే, ముందురోజు చెప్పిన లెక్కన చేసిపెడతారు. అప్పటికప్పుడు అడిగితే పాస్తా వస్తుంది. సీల్ వేసిన పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్ళండి. నెయ్యి వద్దు, పాల పదార్థాలు, మాంసం పదార్థాలు యూరప్‌లోకి మన దేశం నుంచి తేనివ్వరు, కస్టమ్స్‌లో చూస్తే తీసి పడేస్తారు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చీ అంతే. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె షిప్ గేటు దగ్గరే తీసుకుని దిగేరోజు ఇస్తారు, మోసుకెళ్ళి ఉపయోగం లేదు.

చిన్నవి కొన్ని. ఫిన్లాండ్, ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా గడియారం డెన్మార్క్, స్వీడన్ కంటే గంట ముందు. ఫోన్ దానంతటది మారిపోతుంది, షిప్ టైమ్ మారొచ్చు మారకపోవచ్చు, కాబట్టి అందరికీ కాదు గానీ ఒక్కరికైనా చేతికి మామూలు వాచీ పెట్టి షిప్ టైమ్‌కి తిప్పండి. షిప్ కదలగానే ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే షిప్‌లోని మొబైల్ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వేలల్లో వస్తుంది, యూరప్ సిమ్ ఉన్నా అది పనికిరాదు. డబ్బు విషయంలో డెన్మార్క్, స్వీడన్, పోలండ్‌లో యూరో కాదు, కానీ కార్డు అన్నిచోట్లా నడుస్తుంది, నోట్లు మార్చుకునే శ్రమ పెట్టుకోకండి.

తేదీల్లో ఒకటి చూసుకోండి. జూన్ 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం స్వీడన్, ఫిన్లాండ్‌లో మిడ్‌సమ్మర్, ఎస్తోనియా, లాట్వియాలో 23, 24. ఊళ్ళు ఖాళీ, షాపులు మూత, మ్యూజియాలు కూడా కొన్ని మూసేస్తారు. క్రూజ్ కంపెనీ ఇది చెప్పదు. జూన్ మొదటి రెండు వారాలు మేలు, మన స్కూళ్ళు తెరిచే ముందే ముగించుకుంటామంటే మే చివర్లో బయల్దేరండి, చలి కాస్త ఎక్కువ, స్వెటర్ సరిపోతుంది.

క్రూజ్ ధర చూసి గుండె ఆగితే ఇంకో దారుంది. స్టాక్‌హోమ్ నుంచి సాయంత్రం ఓవర్‌నైట్ ఫెర్రీ ఎక్కితే పొద్దున్న హెల్సింకీ, సిల్యా, వైకింగ్ లైన్ రెండూ నడుపుతాయి, రూమ్ ఉంటుంది, అవే దీవుల మధ్యలోంచే వెళ్తుంది. హెల్సింకీ నుంచి రెండు గంటల ఫెర్రీ టాలిన్, అక్కడినుంచి బస్సులో నాలుగున్నర గంటలు రీగా. ఇష్టమొచ్చినన్ని రోజులు ఒక్కో ఊళ్ళో ఉండొచ్చు. పడుచువాళ్ళకి నేను ఇదే చెప్తా. మీ ఇంట్లో ఆరుగురి సామాను రెండు రోజులకోసారి మోసేది మీరే కాబట్టి మీకు క్రూజే.

ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి సిటిజనా, గ్రీన్‌కార్డా కనుక్కోండి. గ్రీన్‌కార్డు మీద మన పాస్‌పోర్టే ఉంటే అతనికీ షెంగెన్ వీసా కావాలి, అదీ అమెరికాలోనే అప్లై చెయ్యాలి, అక్కడ స్లాట్లు మనకంటే కష్టం. అది తేలాక షిప్ పేరు, తేదీలు ఇక్కడ పెట్టండి, స్టాక్‌హోమ్‌లో ఎక్కడ కడతారో చూసి చెప్తా.